తలుపు చట్టం, తూకం చట్టం

ఫ్రిజ్‌కు సంబంధించిన రెండు చట్టాలను ఈ వేసవిలో పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి అమెరికాది, 1956 ఆగస్టు 2 నాటి రెఫ్రిజిరేటర్ సేఫ్టీ యాక్ట్. రెండోది మనది, 2022 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు. అమెరికా చట్టం అచ్చులో రెండు పేజీలు దాటదు. మనది షెడ్యూళ్లూ పట్టికలూ కలుపుకుంటే ఒక చిన్న పుస్తకం. అది పిల్లల ప్రాణాల కోసం పుట్టింది, ఇది చెత్త కోసం పుట్టింది, రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయమేనా అని అడిగేవారుంటారు. కానీ పాత ఫ్రిజ్ మన గుమ్మం దిగి వీధిలోకి వెళ్లే రోజున ఆ రెండు విషయాలూ ఒకే పెట్టెలో ఉంటాయి. దాని తలుపు ఎవరు విప్పుతారు, దానిలోని గ్యాస్ ఎవరు పడతారు అన్నది ఒకే మనిషి చేతిలో, ఒకే పూటలో తేలిపోతుంది. అందుకే పోల్చాను.

ముందు తలుపు సంగతి. ఆ కాలపు అమెరికా ఫ్రిజ్‌కు బయట ఒక పెద్ద పిడి ఉండేది. తలుపు నెడితే గొళ్లెం టక్కున పడేది. మళ్లీ తెరవాలంటే బయట నిలబడి పిడి లాగాల్సిందే. అంచుల చుట్టూ రబ్బరు, గోడల నిండా మందమైన పొర. గాలి లోపలికి పోదు, కేక బయటికి రాదు. పాడైపోయిన ఫ్రిజ్‌లను జనం పెరట్లోనో, ఇంటి కింద గదిలోనో, ఊరి చివర చెత్తదిబ్బ మీదో వదిలేసేవారు. దాగుడుమూతలాడే పిల్లలకు అంతకన్నా మంచి చోటు కనిపించేది కాదు. ఒక ఊళ్లో కాకపోతే ఒక ఊళ్లో పిల్లలు వాటిల్లో చిక్కుకుని చనిపోతూ ఉంటే చివరికి చట్టసభ కదిలింది.

చట్టం చెప్పింది ఒకటే మాట. ఫలానా తేదీ నుంచి తయారయ్యే ఇంటి ఫ్రిజ్ దేనికైనా తలుపు లోపలి నుంచి తెరుచుకునే ఏర్పాటు ఉండాలి. అది లేని ఫ్రిజ్‌ను రాష్ట్రం దాటించి అమ్మకానికి పంపితే నేరం. తప్పినవాళ్లకు ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ ఏర్పాటు ఎలా ఉండాలో తేల్చే పనిని వాణిజ్య శాఖకు అప్పగించారు. అలా తయారైన ప్రమాణాలు 1958 అక్టోబరు 30 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఈ చట్టంలో నన్ను పట్టి ఆపింది 'లోపలి నుంచి' అన్న మాట. ఫ్రిజ్ గురించి మాట్లాడేవాళ్లమంతా బయట నిలబడే మాట్లాడతాం. ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, నెలకు ఎంత కరెంటు. ఈ చట్టం రాసినవాళ్లు మాత్రం పెట్టెలోకి వెళ్లి, చీకట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్ల పక్కన కూర్చుని రాశారు.

ప్రమాణాల కోసం నిజంగానే లోపలికి వెళ్లి చూశారు కూడా. 1958లో 'పీడియాట్రిక్స్' పత్రికలో కాథరిన్ బెయిన్, మారియన్ ఫేగ్రి, రాబర్ట్ వైలీ ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు 201 మందిని, ఫ్రిజ్‌లాగే మూసుకునే ఒక గూటిలో కాసేపు ఉంచి, ఆరు రకాల తలుపు ఏర్పాట్లను పరీక్షించారు. నూటికి 24 మంది పిల్లలు బయటపడే ప్రయత్నం దాదాపుగా చేయలేదు. ఊరికే ఉండిపోయారు. 39 మంది ఒక ఉద్దేశంతో ప్రయత్నించారు. 37 మంది కాళ్లూ చేతులూ విసిరికొట్టారు. పట్టుకోవడానికి పిడిలాంటిది ఏదైనా ఉంటే నూటికి 40 మంది దాన్ని గది తలుపు గుండీలా తిప్పబోయారు. లాగినవాళ్లు 18 మంది, నెట్టినవాళ్లు 9 మందే. అంటే ఇంజనీరు తన బల్ల దగ్గర కూర్చుని, ఇక్కడొక మీట పెట్టాం, పిల్ల దాన్ని నెడుతుంది, బయటపడుతుంది అనుకుంటే పిల్ల దాన్ని తిప్పుతూనే ఉండిపోతుంది.

మరొక అంకె నన్ను ఇప్పటికీ వదలడం లేదు. రెండేళ్ల పిల్లల్లో అసలు కేకే పెట్టనివాళ్లు నూటికి 6 మంది. అయిదేళ్ల పిల్లల్లో సగం మంది.

పిల్ల ఎదిగేకొద్దీ తెలివి వస్తుంది, భయమేస్తే అరుస్తుంది, ఎవరో ఒకరు వింటారు అని మనందరికీ ఒక ధైర్యం. ఆ ధైర్యానికి ఆధారం లేదని ఈ అంకె చెబుతోంది. దాక్కున్నప్పుడు చప్పుడు చేయకూడదన్నది ఆట నేర్పిన మొదటి పాఠం కదా, పెద్దపిల్లలు దాన్నే పాటిస్తారేమో అని నాకు తోచింది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆగి ఉన్న కారులోకి ఎక్కి, తలుపులు పడిపోయి, ఊపిరాడక చనిపోయారు. ఎక్కడో అడవిలో కాదు, ఊళ్లోనే. ఆ వార్త చదివినరోజున నాకు ఈ 1958 నాటి పట్టిక గుర్తొచ్చింది. పెట్టె మారింది. బయటివాళ్లకు మాత్రమే అర్థమయ్యే తలుపు మారలేదు.

పసిపిల్లలను అలా మూసి పరీక్షించడం సరైనదేనా అన్న బెరుకు ఆ వ్యాసం చదువుతున్నంతసేపూ నాలో ఉంది. నూటికి 75 మంది మూడు నిమిషాల లోపే తమంతట తాము బయటికి రాగలిగారు, లేదా పరిశోధకులే తెరిచి తీసుకొచ్చారు. తర్వాత తల్లులను కలిసి పిల్లలు ఎలా ఉన్నారో కనుక్కున్నారు. అయినా బెరుకు పూర్తిగా పోలేదు. కానీ ఆ పరీక్షలు లేకపోతే ప్రమాణం ఎవరి ఊహ మీదో నిలబడేది. ఊహ ఎంత తప్పుతుందో ఆ గుండీ తిప్పిన నలభై మంది చూపించారు. ప్రమాణంలో ఒక పద్ధతి ఇలా ఉంది: తలుపు తెరుచుకునే అంచున, లోపలి వైపు ఎక్కడ నెట్టినా, 15 పౌన్ల బలానికి అది విడిపోవాలి. మన లెక్కలో ఏడు కిలోలకు కాస్త తక్కువ. గొళ్లేలు పోయి అయస్కాంతం దాచిన రబ్బరు పట్టీలు వచ్చాయి. మన వంటింట్లో ఫ్రిజ్ తలుపు మెత్తగా అతుక్కుని, మెత్తగా విడివడుతుందంటే దాని వెనక ఈ చరిత్ర ఉంది.

అయితే ఆ చట్టం చూపు ఒకవైపే. ముందు తయారయ్యేవాటి సంగతి చూసింది, అప్పటికే ఇళ్లలో ఉన్న గొళ్లెం ఫ్రిజ్‌ల జోలికి పోలేదు. అవి ఏళ్ల తరబడి నడిచే గట్టి సరుకు. ఒక్కొక్కటే పాతబడి పెరట్లోకి చేరుతున్నంత కాలం ప్రమాదం అలాగే ఉంది. తలుపు పీకకుండా ఫ్రిజ్‌ను వదిలేస్తే నేరమని రాష్ట్రాలూ నగరాలూ వేరే చట్టాలు చేసుకోవాల్సివచ్చింది. అదీకాక, ఫ్రిజ్‌ను తలుపు గోడకు ఆనేలా నిలబెట్టినా, చుట్టూ తాడు కట్టినా, తాళం వేసినా ఆ 15 పౌన్ల హామీ చెల్లదు. మన దగ్గర సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు చాలావాటికి తాళం ఉంటుంది. కిరాణా కొట్టు ముందుండే ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్‌కైతే పైనుంచి పడే బరువైన మూత, దానికి తాళం. పారేసేముందు తలుపులు తీసేయండి, పిల్లలు దూరకుండా లోపలి అరలు అలాగే ఉంచండి అని ఫ్రిజ్‌తో వచ్చే పుస్తకాల్లో ఉండే ఆ ఒక్క వాక్యం అమెరికా నేర్చుకున్న పాఠం. మన ఇళ్లలో ఆ పుస్తకం అట్టపెట్టెతోపాటే అటకెక్కుతుంది. అందులో తెలుగు ఉండడం నేనైతే చూడలేదు.

ఇక మన నియమాలు. వీటి గొప్పతనం ముందు ఒప్పుకుంటాను. వస్తువును తయారుచేసి అమ్మిన కంపెనీయే దాని ఆఖరి రోజులకూ పూచీపడాలన్నది వీటి ప్రాణసూత్రం. పాత నియమాల కింద 21 రకాల వస్తువులుంటే ఇప్పుడు 106. ఫ్రిజ్ ఆయుష్షు సగటున పదేళ్లని లెక్కగట్టి, పదేళ్ల కిందట అమ్మిన తూకంలో మొదటి రెండేళ్లు నూటికి 60 వంతులు, తర్వాతి రెండేళ్లు 70, 2027-28 నుంచి 80 వంతులు రీసైకిల్ చేయించినట్టు కంపెనీ లెక్క చూపాలి. అమెరికాలో ఈనాటికీ దేశమంతటికీ వర్తించే ఇలాంటి చట్టం లేదు. కొన్ని రాష్ట్రాలు వేటికవి చేసుకున్నాయంతే. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మన నియమాలిచ్చిన జవాబు న్యాయమైనది. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు.

నాకు పేచీ వచ్చేది కొలత దగ్గర. కంపెనీ లెక్క చూపేది సర్టిఫికెట్లతో. నమోదు చేసుకున్న రీసైక్లర్ నుంచి వాటిని కొనుక్కుంటుంది. ఆ సర్టిఫికెట్ ఎంతకు రావాలన్నది, రీసైక్లర్ దగ్గర చివరికి చేతికొచ్చిన లోహం తూకం నుంచి వెనక్కి లెక్కకట్టి తేలుస్తారు. లెక్కలోకొచ్చే లోహాలు నాలుగు: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము. ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ సరుకుకు రీసైక్లర్‌కు కిలోకు కనీసం 22 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించడం, పెద్ద కంపెనీలు దాని మీద కోర్టుకెక్కడం, ఆ గొడవంతా కూడా కాటా చుట్టూ తిరిగేదే. నియమాల్లో ప్రమాదకర పదార్థాల జాబితా ఒకటుంది. సీసం, పాదరసం, కాడ్మియం లాంటి ఆరు పేర్లు. టీవీకి, కంప్యూటర్‌కు సరిపోయే జాబితా. ఫ్రిజ్‌లో తిరిగే వాయువు అందులో లేదు. వాయువును పోనివ్వకుండా పట్టి భద్రపరిచిన రీసైక్లర్‌కు ఆ నాలుగు లోహాల లెక్కలో గ్రాము కూడా కలిసిరాదు. 2023 జులైలో చేసిన రెండో సవరణలో ఫ్రిజ్‌లు, ఏసీల తయారీలో వాడే వాయువులను భద్రంగా, జవాబుదారీగా నిర్వహించాలన్న మాట చేరింది. మంచిదే. ఆ మాట తయారీవైపు చూస్తోంది. కాటావైపు ఇంకా తిరగలేదు.

అమెరికా చట్టం కొలిచింది పసిపిల్ల భుజంలోని బలం. మన నియమాలు కొలుస్తున్నది టన్నులు.

మరో తేడా ఇంతకంటే పెద్దది. ఎవరెవరు ఏం చేయాలో చెప్పే అధ్యాయంలో తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసి అమ్మేవాడు, పెద్ద ఎత్తున వాడే సంస్థలు, రీసైక్లర్ ఉన్నారు. 2016 నాటి నియమాల్లో మామూలు వినియోగదారుకు కూడా ఒక నియమం ఉండేది. 2022లో ఆ మాట జారిపోయింది. వీధిలో తిరిగే పాత సామాన్లవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. ఫ్రిజ్‌ను అమ్మే ఇల్లాలు, కొనే బండివాడు, ఈ ఇద్దరి మధ్య జరిగే పది నిమిషాల బేరం చట్టం కంట పడలేదు. ఫ్రిజ్‌కు జరగాల్సిన మంచీ చెడూ ఆ పది నిమిషాల్లోనే జరుగుతుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2004లో కొన్న 165 లీటర్ల ఫ్రిజ్‌ను 2019లో అమ్మేశాం. విజయవాడలో మా సందులోకి రోజూ మైకు పెట్టుకుని వచ్చే ట్రాలీ ఆటో. పాత ఇనప సామాన్లు కొంటాం, ఫ్రిజ్‌లు, కూలర్లు, వాషింగ్ మిషన్లు కొంటాం. తొమ్మిది వందలకు బేరం కుదిరింది. అతను ఫ్రిజ్‌ను మా గోడ పక్కన పడుకోబెట్టి, వెనకవైపు రాగి గొట్టాన్ని కట్టింగ్ ప్లేయర్‌తో నొక్కి తెంపాడు. సుయ్యిమని చాలాసేపు వచ్చింది. ఏమిటని అడిగితే, "గ్యాస్ అక్కా, పోతే భయముండదు" అన్నాడు. కంప్రెసర్ విప్పి, వెనక జాలీ విప్పి ఆటోలో వేసుకున్నాడు. పెట్టె పట్టలేదు. సాయంత్రం వచ్చి తీసుకుపోతానని నిలబెట్టి వెళ్లాడు, తలుపుతో సహా. పక్కింటి పిల్లలు ఆ పూటంతా దాని చుట్టూ ఆడారు. నేను రెండుసార్లు గేటు దగ్గరికి వచ్చి చూశాను కూడా. నాకు ఏమీ తోచలేదు.

అతన్ని నేను తప్పుపట్టను. కంప్రెసర్‌లోని తీగచుట్టలకు, రాగి గొట్టానికి ఆ రోజు ధర ఉంది. గ్యాస్‌కు ధర లేదు. దాన్ని పట్టే యంత్రం అతనికి ఎవరూ ఇవ్వలేదు, పట్టి తెస్తే కొనేవాళ్లూ లేరు. తలుపు విడిగా తీయడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంటకు ఎవరూ పైసా ఇవ్వరు. మా ఫ్రిజ్ వెనక ఆర్ 134ఎ అని రాసి ఉండేది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1400 రెట్లు. వంద గ్రాములు పోతే 140 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టు. అంతకు ముందు తరం ఫ్రిజ్‌ల్లోని ఆర్ 12 పదివేల రెట్లకు పైమాట, పైగా ఓజోన్ పొరను తినేది. వంటింట్లో ఎవరికీ హాని చేయదని, విషవాయువుల స్థానంలో 1920ల చివర కనిపెట్టి నెత్తిన పెట్టుకున్న వాయువు అది. ఆకాశంలో అదేం చేస్తుందో 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పేదాకా ప్రపంచానికి తెలియలేదు. ఆ కాలపు ఫ్రిజ్‌ల్లో ఆ జాతి వాయువుల్లో సగానికి మించి గొట్టాల్లో కాక గోడల్లోని నురుగులో ఉండేది. గొట్టం తెంపడం ఒక తప్పయితే, ఆ నురుగును చితక్కొట్టి కాల్చడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇక్కడ అమెరికాది మరో చట్టం పక్కన పెట్టాలి. 1990లో సవరించిన స్వచ్ఛ వాయు చట్టంలోని 608వ సెక్షన్. 1992 జులై 1 నుంచి తెలిసి తెలిసి ఈ వాయువులను గాల్లోకి వదలడం నేరం. దీని కింద వచ్చిన నియమాలు ఒక తెలివైన పని చేశాయి. ఫ్రిజ్ ఎన్ని చేతులు మారినా, చివరికి దాన్ని తుక్కుగా తీసుకునేవాడి మీద భారం పెట్టాయి. వాయువును అతనే తీయాలి, లేదా ముందే పద్ధతిగా తీశారని తెచ్చినవాడి సంతకంతో కాగితం తీసుకోవాలి. ఆ కాగితం లేకుండా ఫ్రిజ్‌ను తీసుకోకూడదు. అక్కడ అంతా సవ్యంగా జరుగుతోందని నేననడం లేదు. కానీ రాసిన పద్ధతిలో 1956 నాటి చూపే ఉంది. వస్తువు దగ్గర ఆ క్షణాన ఎవరి చెయ్యి ఉందో ఆ చేతిని పట్టుకున్నారు. మన నియమాలు కంపెనీ అనే దూరపు చేతిని గట్టిగా పట్టుకున్నాయి, ఫ్రిజ్ మీదున్న చేతిని వదిలేశాయి.

ఈ మధ్య కొన్న ఫ్రిజ్‌ల్లో ఎక్కువ ఆర్ 600ఎ ఉంటోంది. ఐసోబ్యూటేన్. భూమిని వేడెక్కించడం దాదాపు లేనట్టే, ఓజోన్‌కు హాని లేదు. అమెరికా కూడా ఇంటి ఫ్రిజ్‌ల్లోని ఈ వాయువును ఆ నిషేధం నుంచి మినహాయించింది. అయితే దీనికి మంట గుణం ఉంది. అందుకే ఇంటి ఫ్రిజ్‌లో 150 గ్రాములకు మించకుండా పోస్తారు, కంప్రెసర్ దగ్గర పసుపు త్రికోణంలో మంట గుర్తు అంటిస్తారు. వంటగ్యాస్‌కు కలిపే వాసన దీనికి ఉండదు, కారినా ముక్కు పసిగట్టదు. ఫ్రీజర్‌లో పేరుకున్న ఐసును కత్తితో గీకడం మన ఇళ్లలో మామూలు. ఆ పలచని రేకు కిందే వాయువు తిరిగే దారి ఉంటుంది. కత్తి దిగి సుయ్యిమంటే స్విచ్చి జోలికి పోకుండా, పొయ్యి వెలిగించకుండా, ముందు కిటికీలూ తలుపులూ తెరవాలి. గ్యాస్ ఎక్కించడానికి వచ్చిన మెకానిక్ మూసిన వంటింట్లో గొట్టం అతికే మంట వెలిగించబోతే బయటికి జరిపించాలి. మన వీధి బండివాడు ఈ కొత్త ఫ్రిజ్ గొట్టాన్ని కూడా ఆ పాత పద్ధతిలోనే తెంపుతాడు. భూమికి పెద్ద నష్టం లేదు. అతని నోట్లో బీడీ ఉంటే అతనికి ఉంది.

మన నియమాలను మళ్లీ సవరించే రోజు వస్తే ఒక్క వాక్యం చేర్చమని అడుగుతాను. ఫ్రిజ్‌ను లేదా ఫ్రీజర్‌ను తుక్కుగా తూచేవాడెవడైనా, తూచేముందు తలుపు వేరుచేయాలి, గొట్టం తెగని కంప్రెసర్‌కు తెగినదానికంటే ఎక్కువ ధర ఇవ్వాలి, ఆ తేడా డబ్బు కంపెనీ సర్టిఫికెట్ ఖర్చులోంచి రావాలి. కంపెనీ పూచీ అన్న మన సూత్రం, చివరి చెయ్యి అన్న వాళ్ల సూత్రం ఆ వాక్యంలో కలుస్తాయి. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. కాటా ఉన్న ప్రతి కొట్టూ దాన్ని పాటించగలదు, ఎందుకంటే ధర భాష ఆ కొట్టుకు తెలుసు.

మొన్న వేసవిలో మా అత్తయ్యగారి ఫ్రిజ్ అమ్మకానికొచ్చింది. బండివాడు రాకముందే నేనూ మా అబ్బాయీ స్పానర్ పట్టుకుని కూర్చున్నాం. పై బందు రెండు బోల్టులు, కింది బందు రెండు. తుప్పుపట్టి ఉన్నాయి, కొబ్బరినూనె చుక్కలు వేయాల్సివచ్చింది. గాజు అరలు తీయలేదు. బండివాడు వచ్చి చూసి, తలుపు ఏమైందని అడిగాడు. గోడకు చేరేసి ఉన్నది చూపించాం. "ఇలాగైతే మోయడం తేలికమ్మా" అని దాన్ని ముందు తీసుకెళ్లి కాటా మీద పెట్టాడు. తొమ్మిది కిలోలు.